గొర్రె మూతి పుండు: రోగం పేరుకు ముందు మేసిన నేలను చూడవలసిన అవసరం

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం భారతదేశంలో సుమారు 7.43 కోట్ల గొర్రెలు ఉన్నాయి. వాటిలో 1.91 కోట్లు తెలంగాణలోను, 1.76 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లోను ఉన్నాయి. అనగా దేశంలోని గొర్రెలలో దాదాపు సగం తెలుగు నేలపైనే మేస్తున్నాయి. ఈ మందలకు ప్రత్యేకమైన పశుగ్రాస క్షేత్రాలు లేవు. కోత ముగిసిన చేలు, బీడు భూములు, చెరువు కట్టలు, కాలువ గట్లు, అడవి అంచులే వాటి మేత బయళ్ళు. కాబట్టి గొర్రె ఆరోగ్యాన్ని గురించిన ప్రశ్నలలో కొన్ని పంట పొలం నుండే పుడతాయి. పొలాన్ని చదివిన వ్యవసాయ శాస్త్రవేత్త వాటికి జవాబు వెదకడంలో తన భాగం తాను వహించవలసి ఉంటుంది.

అటువంటి ప్రశ్నలలో తరచుగా వినవచ్చేది మూతి పుండు. పెదవుల చివర పొక్కులు, ముట్టె మీద గట్టి పెచ్చులు, నోటి చుట్టూ చిన్న చిన్న గడ్డలు, చొంగ కార్చడం, మేత మానడం అనే లక్షణాలతో కాపరి గ్రామానికి వచ్చిన విస్తరణ శాస్త్రవేత్తను ఆశ్రయిస్తాడు. ఈ మధ్య చరవాణిలో తీసిన ఛాయాచిత్రం కూడా ముందుగానే చేరుతున్నది. దానిని చూసిన వెంటనే ఏదో ఒక రోగం పేరు చెప్పడం, ఆ పేరుకు తగిన మందు సూచించడం అలవాటుగా మారుతున్నది. ఈ అలవాటు మందకూ, కాపరికీ, ప్రాంతానికీ హాని చేస్తుందని, దాని స్థానంలో ఒక క్రమబద్ధమైన విచారణ పద్ధతి రావాలని, ఆ పద్ధతిలో సేద్య శాస్త్రానికి నిర్దిష్టమైన పాత్ర ఉన్నదని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే గుర్తు, పలు కారణాలు

గొర్రెలు, మేకలలో నోటి చుట్టూ పుండ్లు కలిగించే కారణాలను మూడు వర్గాలుగా విభజించవచ్చు. మొదటిది అంటువ్యాధులు. రెండవది మేతలోని మొక్కల వలన కలిగే గాయాలు, విషప్రభావాలు. మూడవది పోషక లోపాలు. పైకి చూస్తే ఈ మూడింటి ఫలితమూ ఒకే విధంగా కనిపించవచ్చు. అయితే చేయవలసిన పని మాత్రం ఒక్కొక్కదానికి ఒక్కొక్క విధంగా ఉంటుంది.

అంటువ్యాధులలో ముందుగా చెప్పుకోవలసినది ఆర్ఫ్ అనే మూతి పుండ్ల వ్యాధి. పారాపాక్స్ వర్గానికి చెందిన వైరస్ దీనికి కారణం. పెదవుల అంచున, మూతి మూలల్లో ఎర్రని చిన్న గడ్డలుగా మొదలై, నీటి పొక్కులుగా, చీము పొక్కులుగా మారి, చివరకు దళసరి పెచ్చులు కడుతుంది. సాధారణంగా నాలుగు వారాలలోపు పెచ్చులు రాలి పుండు మానుతుంది. పెద్ద జీవాలకంటె పిల్లలలో ఎక్కువ. పాలు తాగే పిల్ల నుండి తల్లి చనుమొనలకు అంటుతుంది. నొప్పి వలన తల్లి పాలు తాగనివ్వదు, పొదుగు వాపు కూడా రావచ్చు. పుండు కంటె ఆకలే పిల్లను ఎక్కువగా కుంగదీస్తుంది. రాలిన పెచ్చులలోని వైరస్ పొడి వాతావరణంలో నెలల తరబడి జీవించి ఉంటుంది. దొడ్డి ఖాళీ చేసినంత మాత్రాన రోగం పోకపోవడానికి ఇదే కారణం.

రెండవది పారుడు రోగంగా కాపరులకు తెలిసిన పి.పి.ఆర్. 1942లో పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్టులో దీనిని తొలిసారి వర్ణించారు. భారతదేశంలో 1987లో తమిళనాడులోని అరసూరు గ్రామంలో గొర్రెలలో ఇది బయటపడింది. తీవ్రమైన జ్వరం, కళ్ళు ముక్కుల నుండి స్రావం, నోటి లోపల తవుడు చల్లినట్లు కనిపించే పాచితో కూడిన పుండ్లు, దుర్వాసన, ఆపై పారుడు, న్యుమోనియా దీని లక్షణాలు. వ్యాధి చివరి దశలో పెదవుల వెలుపల, ముట్టె చుట్టూ చిన్న గడ్డలు, పెచ్చులు కూడా ఏర్పడతాయి. ఆ దశలో చూసినవారు దీనిని ఆర్ఫ్‌గా పొరబడే అవకాశం చాలా ఎక్కువ. పుండు ఫొటోలో పారుడు కనిపించదు, జ్వరం కనిపించదు, ముందు వారంలో చనిపోయిన నాలుగు జీవాలు కనిపించవు.

మూడవది నీలి నాలుక, అనగా మూతి వాపు వ్యాధి. దీనిని క్యూలికాయిడిస్ అనే అతి చిన్న ఈగలు వ్యాప్తి చేస్తాయి. ఈ ఈగలు పేడ కలిసిన తడి బురదలో వృద్ధి చెందుతాయి. కనుక వర్షాకాలంలోను, ఆ తరువాతి నెలల్లోను దక్షిణ భారతంలో ఈ వ్యాధి ఎక్కువగా వస్తుంది. పెదవులు, ముఖం ఉబ్బడం, నోటిలో పుండ్లు, కొన్నింటిలో నాలుక నీలిరంగుకు మారడం, గిట్టల పై అంచు ఎర్రబడి కుంటడం దీని గుర్తులు. నాలుగవది గాలికుంటు. గొర్రెలలో ఇది పశువులలో వలె తీవ్రంగా కనిపించకపోవచ్చు. నోటి పొక్కులు త్వరగా చిట్లి మానిపోతాయి, కుంటడం మాత్రమే తొలిగుర్తుగా మిగలవచ్చు. ఐదవది గొర్రెల బొబ్బ రోగం. దీనిలో గడ్డలు మూతికే పరిమితం కాక, ఉన్ని లేని తొడల లోపల, తోక కింద, పొదుగు మీద కూడా లేస్తాయి.

ఈ ఐదింటిలో మూతి పుండు అన్నింటికీ ఉమ్మడి గుర్తు. కాబట్టి మూతి పుండును మాత్రమే చూసి ఐదింటిలో ఒకదానిని ఎంచడం ఊహ అవుతుంది గాని నిర్ధారణ కాదు.

పొలం నుండి వచ్చే పుండ్లు

అంటువ్యాధుల జాబితా పశువైద్య విద్యార్థులకు కంఠోపాఠమే. రెండవ వర్గం, అనగా మేతలోని మొక్కల పాత్ర, రెండు శాస్త్రాల నడుమ పడి ఎవరికీ చెందకుండా మిగిలిపోయింది. సేద్య శాస్త్రవేత్త కలుపు మొక్కను పంట దిగుబడి దృష్టితో చూస్తాడు. పశువైద్యుడు పుండును సూక్ష్మజీవి దృష్టితో చూస్తాడు. ఆ మొక్కను తిన్న నోరు ఇద్దరి దృష్టికీ అందడం లేదు.

మొదట యాంత్రికమైన గాయాలను చూడాలి. వేసవిలో పచ్చిక ఎండిన తరువాత మంద కంది మోళ్ళను, తుమ్మ కంపను, ముళ్ళ పొదలను కొరుకుతుంది. పల్లేరు కాయల ముళ్ళు, హెటెరోపోగాన్ వంటి గడ్డి జాతుల గింజలకు ఉండే వాడి ములుకులు పెదవులను, చిగుళ్ళను గీరుతాయి. సర్కారు తుమ్మ కాయలను జీవాలు ఇష్టంగా తింటాయి, ఆ కాయల కోసం ముళ్ళ మధ్యకు తల దూరుస్తాయి. ఈ గాయాలు తమంతట తాము పెద్ద ప్రమాదం కాదు. అయితే ఆర్ఫ్ వైరస్ చెక్కుచెదరని చర్మంలోనికి సులభంగా చొరబడదు. దానికి గీత కావాలి, గాటు కావాలి. ముళ్ళ మేత ఆ ద్వారం తెరుస్తుంది. అందువలన ఎండు మేత కాలంలో ఆర్ఫ్ మంద అంతటా వ్యాపించినపుడు వైరస్ ఎంత కారణమో మేత కూడా అంతే కారణం. వైరస్‌ను చంపే మందు కాపరి చేతిలో లేదు. మేత బయలు మార్చడం మాత్రం అతని చేతిలోనే ఉన్నది.

రెండవది వయ్యారిభామ. 1955లో పూణే ప్రాంతంలో గుర్తించిన ఈ మొక్క తరువాత దేశమంతటా పాకింది. దీనిలోని పార్థెనిన్ మనుషులలో చర్మశోథ కలిగిస్తుందన్నది అందరికీ తెలిసిన విషయం. పశువులకు బలవంతంగా మేపిన ప్రయోగాలలో చర్మశోథతోపాటు నోటి పుండ్లు కూడా కనిపించాయి. సాధారణంగా జీవాలు దీనిని ముట్టవు. కాని కరువు కాలంలో బీడంతా వయ్యారిభామే నిండినపుడు, మిగిలిన పచ్చదనం అదొక్కటే అయినపుడు, మూతి దానికి తగలకుండా మేయడం సాధ్యం కాదు.

మూడవది, అన్నింటికంటె తక్కువగా గుర్తింపు పొందినది, ఎండ వలన తీవ్రమయ్యే చర్మదాహం. దీని క్రమం తెలుసుకోదగినది. పచ్చి ఆకులోని పత్రహరితం గొర్రె కడుపులో విచ్ఛిన్నమై ఫిల్లోఎరిత్రిన్ అనే పదార్థంగా మారుతుంది. ఆరోగ్యవంతమైన కాలేయం దానిని పైత్యరసం ద్వారా విసర్జిస్తుంది. కాలేయం దెబ్బతిన్నపుడు అది రక్తంలో చేరి చర్మానికి వెళుతుంది. ఎండ తగిలినపుడు ఆ చర్మం కాలినట్లవుతుంది. ఉన్ని లేని పెదవులు, ముట్టె, కనురెప్పలు, చెవులు ముందుగా ఉబ్బి, పగిలి, పెచ్చులు కడతాయి. లంటానా కంపలోని లాంటడీన్లు కాలేయాన్ని ఈ విధంగా దెబ్బతీస్తాయి. పల్లేరు మొక్క కూడా అటువంటిదే. దక్షిణ ఆఫ్రికాలోని కరూ ప్రాంతంలో పల్లేరు మేసిన గొర్రెలకు ముఖం ఉబ్బి, పచ్చకామెర్లతోపాటు వచ్చే వ్యాధిని అక్కడి భాషలో పసుపు తలవాపు అనే అర్థం గల పేరుతో పిలుస్తారు. వానకు మొలచిన పల్లేరు ఆ తరువాతి ఎండకు వాడినపుడు ఈ ప్రమాదం హెచ్చు. వానకు వానకు నడుమ దీర్ఘమైన బెట్ట సంభవించే రాయలసీమ మెట్ట పొలాల గురించి తెలిసినవారికి ఈ వర్ణన కొత్తగా తోచదు.

ఈ చర్మదాహాన్ని అంటువ్యాధి నుండి వేరు చేయడానికి తెలుగు నేలపై ఒక సులభమైన ఆధారం ఉన్నది. నెల్లూరు జాతిలో పల్ల తెల్లనిది. జోడిపి తెల్లనిదే అయినా పెదవులు, కళ్ళ చుట్టూ, కింది దవడ మీద నల్లని మచ్చలు గలది. దొర గోధుమ వర్ణం గలది. దక్కనీ గొర్రెలు ఎక్కువగా నల్లనివి. ఒకే మందలో తెల్ల మూతి గల జీవాలకే పుండ్లు వచ్చి, నల్ల మూతి గల జీవాలు క్షేమంగా ఉంటే, ఎండనూ కాలేయాన్నీ అనుమానించాలి. వైరస్ రంగు చూసి అంటదు. ఇంత సులువైన పరిశీలనకు ప్రయోగశాల అవసరం లేదు. మందను నిలబెట్టి చూసే ఓపిక చాలు.

నేల నుండి వచ్చే లోపం

మూడవ వర్గం పోషక లోపాలు. వీటిలో మూతికి సంబంధించి ముఖ్యమైనది జింకు. 1955లో పందులలో చర్మం దళసరెక్కి పెచ్చులు కట్టే వ్యాధికి జింకు లోపం, మేతలో కాల్షియం ఆధిక్యం కారణమని అమెరికాలో నిరూపించారు. గొర్రెలు, మేకలలో కూడా జింకు తగ్గినపుడు నోరు, కళ్ళు, గిట్టల చుట్టూ చర్మం మందంగా మారి పొలుసులు, పగుళ్ళు ఏర్పడతాయి. ఉన్ని రాలుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. గొర్రె మేతలో కిలో పొడి పదార్థానికి సుమారు 20 నుండి 30 మిల్లీగ్రాముల జింకు అవసరం.

జింకు లోపం సేద్య శాస్త్రవేత్తకు కొత్త విషయం కాదు. వరిలో ఖైరా తెగులుకు జింకు లోపమే మూలమని పంత్‌నగర్‌లో 1960వ దశకంలో తేలిన నాటి నుండి ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేయడం తెలుగు రాష్ట్రాలలో సాధారణ సిఫారసు అయింది. సున్నపు నేలల్లో, తేలిక నేలల్లో, ఎల్లకాలం నీరు నిలిచే మాగాణుల్లో ఈ లోపం హెచ్చు. పంట ఆకు మీద తుప్పు మచ్చగా కనిపించే లోపం, ఆ గడ్డినే ఏడాది పొడుగునా తినే జీవం చర్మం మీద కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయినప్పటికీ భూసార పరీక్షా ఫలితాన్ని ఆ పొలంలో మేసే మంద ఆరోగ్యంతో జోడించి చూసే సంప్రదాయం ఇంకా ఏర్పడలేదు. నేల, మొక్క, జీవం అనే గొలుసులో మొదటి రెండు లంకెలను మాత్రమే పరీక్షించి మూడవదానిని విడిచిపెట్టడం శాస్త్రీయంగా అసంపూర్ణమైన పని.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా అవసరం. లోపం ఉన్నదని ఊహించి పశువులకు ఉద్దేశించిన ఖనిజ లవణ మిశ్రమాన్ని గొర్రెలకు ఇవ్వడం క్షేమకరం కాదు. గొర్రె రాగిని తట్టుకోలేని జీవం. పశువుల మిశ్రమాలలో ఉండే రాగి దాని కాలేయంలో పేరుకొని ప్రాణం మీదకు తెస్తుంది. గొర్రెలకు ప్రత్యేకించిన మిశ్రమాన్ని పశువైద్యుని సలహాపైనే వాడాలి.

తప్పు పేరుకు చెల్లించే మూల్యం

పి.పి.ఆర్.ను ఆర్ఫ్ అని పిలిచినపుడు జరిగేది ఊహించడం కష్టం కాదు. నాలుగు వారాలలో తగ్గిపోతుందని విన్న కాపరి మందను కదలనిస్తాడు. బాగున్నట్లు కనిపించే జీవాలను సంతకు తోలుతాడు. సంతలో కొన్నవారు వాటిని మరో మండలానికి తీసుకుపోతారు. ఆ విధంగా ఒక పొరపాటు పేరు ఒక వారంలో అనేక గ్రామాలకు చేరుతుంది. ప్రపంచ దేశాలు 2030 నాటికి పి.పి.ఆర్.ను నిర్మూలించాలని 2015లో అబిజాన్‌లో లక్ష్యం పెట్టుకున్నాయి. పశువుల ముసర వ్యాధి 2011లో ప్రపంచం నుండి తొలగిపోయిందని ప్రకటించగలిగినది టీకాతోపాటు, ప్రతి అనుమానిత కేసును వెదకి పట్టుకున్నందువలననే. పి.పి.ఆర్.కు మూడేళ్ళపాటు రక్షణ ఇచ్చే మంచి టీకా భారతదేశంలోనే తయారవుతున్నది. లోపించినది తొలి కేసును గుర్తించే కన్ను.

తప్పు రెండవ దిశలో జరిగినపుడు నష్టం మరొక విధంగా ఉంటుంది. ఆర్ఫ్‌ను పారుడు రోగమని భయపెడితే కాపరి మందను అయినకాడికి అమ్ముకుంటాడు. ఒక కుటుంబం పదేళ్ళు పెంచిన మంద ఒక సంతలో సగం ధరకు కరిగిపోతుంది. మొక్క వలన వచ్చిన పుండును అంటువ్యాధిగా భావించినపుడు యాంటీబయోటిక్ సూదులు మొదలవుతాయి. మంద మాత్రం అదే లంటానా పొదల మధ్య మేస్తూనే ఉంటుంది. ఒకే సూదితో పది జీవాలకు మందు పొడవడం వలన లేని అంటు వచ్చి చేరుతుంది. యాంటీబయోటిక్ మందులు వైరస్ మీద పనిచేయవని, పుండుపై చేరే సూక్ష్మజీవులను అదుపు చేయడానికే పశువైద్యుడు వాటిని వాడతాడని విద్యార్థులకు తెలిసినా, ఆ తేడా కాపరి వరకు చేరడం లేదు.

మనుషుల ఆరోగ్యం కూడా ఇందులో ఇమిడి ఉన్నది. ఆర్ఫ్ మనుషులకు అంటుతుంది. పుండ్లు గల పిల్లకు పాలు పట్టేవారి, పెచ్చులను గీకేవారి, జీవాన్ని కోసేవారి వేళ్ళపై, చేతులపై గట్టి పొక్కు లేస్తుంది. సాధారణంగా కొన్ని వారాలలో దానంతట అదే మానుతుంది. రోగనిరోధక శక్తి తక్కువగా ఉన్నవారిలో తీవ్రం కావచ్చు. చాలా ఇళ్ళలో పిల్లలకు పాలు పట్టే పని స్త్రీలదీ, బాలబాలికలదీ. కాబట్టి పెచ్చులను గీకి ఏదో ఒక పదార్థం రుద్దే అలవాటును మాన్పించడం, చేతులకు తొడుగు లేదా కనీసం ప్లాస్టిక్ సంచి చుట్టుకొమ్మని చెప్పడం, తరువాత సబ్బుతో కడుక్కొమ్మనడం విస్తరణ సందేశంలో తప్పక చేరాలి.

ఏడు ప్రశ్నలు

విస్తరణ శాస్త్రవేత్త చికిత్స చేయనక్కరలేదు, చేయకూడదు కూడా. అతడు చేయగలిగినది ప్రశ్నించడం, నమోదు చేయడం, సకాలంలో తెలియజేయడం. అందుకు ఏడు ప్రశ్నలు చాలునని చెప్పవచ్చు.

ఒకటి, ఎన్ని జీవాలకు, ఎన్ని రోజులలో వచ్చింది? రోజు రోజుకూ సంఖ్య పెరుగుతుంటే అంటును ముందుగా అనుమానించాలి. రెండు, పిల్లలకా, పెద్దవాటికా, రెండింటికా? పిల్లలకే పరిమితమై తల్లుల చనుమొనలపై కూడా పుండ్లుంటే ఆర్ఫ్ వైపు మొగ్గుతుంది. మూడు, జ్వరం, కంటి ముక్కు స్రావం, పారుడు, దగ్గు, చావు ఉన్నాయా? వీటిలో రెండు ఉన్నా ఆ రోజే పశువైద్యునికి తెలియజేయాలి. నాలుగు, గిట్టలు, తొడలు, పొదుగు పరీక్షించారా? కుంటే జీవం ఉంటే గాలికుంటు, నీలి నాలుక ఆలోచనలోకి వస్తాయి. ఐదు, తెల్ల మూతులకూ నల్ల మూతులకూ తేడా ఉన్నదా? కంటి తెల్లగుడ్డు పసుపుగా ఉన్నదా? ఆరు, గత రెండు వారాలలో మంద ఎక్కడ మేసింది, అక్కడ ఏ మొక్కలు హెచ్చుగా ఉన్నాయి, ఆ పొలంలో మందు చల్లారా? ఏడు, కొత్త జీవాలను కొన్నారా, మంద వలస వెళ్ళి వచ్చిందా, ఎవరి పొలంలో రాత్రి మంద పెట్టారు?

ఈ ఏడింటిలో ఆరవ ప్రశ్నకు సేద్య శాస్త్రవేత్త ఇవ్వగల జవాబు మరెవరూ ఇవ్వలేరు. మొక్కను గుర్తించడం, దాని పెరుగుదల దశ చెప్పడం, ఆ నేలలో జింకు స్థితి తెలియజేయడం అతని విద్య. ఏడవ ప్రశ్న కూడా అతనికి సంబంధించినదే. సేంద్రియ ఎరువు కోసం పొలంలో మంద పెట్టించుకోవడం మంచి పద్ధతి అని వ్యవసాయ శాఖ చాలాకాలంగా సిఫారసు చేస్తున్నది. ఆ సిఫారసుతోపాటు మూతి పుండ్లున్న మందను తిరగనివ్వరాదనీ, అటువంటి మంద పడుకున్న చోట కొంతకాలం మరో మందను పెట్టరాదనీ చెప్పవలసిన బాధ్యత కూడా సిఫారసు చేసినవారిదే. నేలకు మేలు చేసే పద్ధతి రోగానికి వాహనం కాకూడదు.

ఎదురయ్యే అభ్యంతరాలు

ఇది పశువైద్యుల పరిధి, వ్యవసాయ శాస్త్రవేత్తలు జోక్యం చేసుకోరాదు అనే అభ్యంతరం సహజంగా వస్తుంది. చికిత్స విషయంలో అది న్యాయమైనదే. కాని పరిధులు మనుషులు గీసుకున్నవి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో వ్యవసాయం, పశువైద్యం ఒకే గొడుగు కింద ఉండేవి. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వేరుగా ఏర్పడింది. ఆ విభజన వలన పశువైద్య విద్యకు తగిన ప్రాధాన్యం లభించిందనడంలో సందేహం లేదు. అయితే విశ్వవిద్యాలయాలు వేరైనంత మాత్రాన గొర్రె, పొలం వేరు కాలేదు. పైగా 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం పి.పి.ఆర్., గాలికుంటు, నీలి నాలుక, గొర్రెల బొబ్బ రోగం వంటి వాటిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధులుగా పేర్కొన్నది. ఆ సమాచారం సకాలంలో కదలడానికి సహాయపడటం ఎవరి పరిధినీ అతిక్రమించడం కాదు.

రెండవ అభ్యంతరం మరింత ఆచరణాత్మకమైనది. కాపరికి వెంటనే జవాబు కావాలి, ఏడు ప్రశ్నలు వినే తీరిక అతనికి ఉండదు అంటారు. ఈ వాదనలో కొంత నిజం ఉన్నది. జబ్బు జీవంతో నిలబడిన మనిషి ప్రశ్నలను సాకులుగా భావించవచ్చు. కాబట్టి ప్రశ్నలతోపాటు, రోగం ఏదైనా హాని చేయని మూడు పనులను అక్కడే చెప్పాలి. పుండ్లున్న జీవాలను వేరు చేయడం మొదటిది. వాటిని నీడలో ఉంచి గంజి, జావ, మెత్తని పచ్చిమేత, శుభ్రమైన నీరు అందించడం రెండవది. నిర్ధారణ అయ్యేవరకు మందను సంతకు గాని, మరొకరి పొలానికి గాని తోలకుండా ఆపడం మూడవది. నీడ చర్మదాహానికి చికిత్సలో భాగం. మెత్తని మేత ఆర్ఫ్ పిల్లను ఆకలి నుండి కాపాడుతుంది. కదలిక ఆపడం పి.పి.ఆర్.ను కట్టడి చేస్తుంది. పేరు తెలియకముందే ఇంత మేలు చేయవచ్చునని గ్రహించినపుడు పేరు కోసం తొందరపడవలసిన అవసరం తగ్గుతుంది. అయితే మూడవ పని వలన కాపరికి రాబడి ఆగుతుందన్న సంగతి మరువరాదు. నిర్ధారణ ఆలస్యమైన ప్రతిరోజూ అతని జేబు నుండే పోతుంది. అందువలన ప్రశ్నించే హక్కుతోపాటు ఫలితాన్ని త్వరగా తెప్పించే బాధ్యత కూడా విస్తరణ వ్యవస్థపై పడుతుంది.

చేయదగిన పనులు

ఇందుకు కొత్త పథకాలు, కొత్త నిధులు అవసరం లేదు. కృషి విజ్ఞాన కేంద్రాలలో సేద్య విభాగం, పశు విభాగం శాస్త్రవేత్తలు ఒకే కప్పు కింద పనిచేస్తున్న చోట్ల, మూతి పుండ్ల ఫిర్యాదుపై ఇద్దరూ కలిసి వెళ్ళడం నియమం కావాలి. ఒకరు జీవాన్ని పరీక్షించేటపుడు మరొకరు మేత బయలు నడిచి చూడాలి. ప్రయోగశాలకు పుండు నమూనా వెళ్ళినపుడు, ఆ మంద మేసిన మొక్కల నమూనా, ఆ నేల భూసార వివరం కూడా వెంట వెళ్ళాలి.

గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా పల్లెలలో నివసించే వ్యవసాయ పట్టభద్ర విద్యార్థులు పంటల సరళి, కలుపు మొక్కలు, రైతు ఆదాయ వ్యయాలు నమోదు చేస్తున్నారు. అదే పుస్తకంలో ఆ గ్రామపు మేత బయళ్ళ పటం, ఏ నెలలో ఏ బయలులో ఏ మొక్క హెచ్చు, మందలు ఏ దారిన వలస పోతాయి అన్న వివరాలకు రెండు పుటలు కేటాయించవచ్చు. కొన్నేళ్ళలో జిల్లా స్థాయిలో ఒక విలువైన మేత పంచాంగం తయారవుతుంది. లంటానా చిగురించే నెల, పల్లేరు వాడే వారం, ఈగలు రేగే కాలం ముందే తెలిస్తే మందను ఎటు తోలవలెనో కాపరికి ముందే చెప్పవచ్చు. ఈ పనిలో కాపరి కేవలం సమాచారం పుచ్చుకునేవాడు కాదు. ఏ గట్టు మీద ఏ మొక్క మొలుస్తుందో, ఏది తింటే జీవం నీరసిస్తుందో తరతరాలుగా గమనించినవాడు అతడే. అతని గమనికను శాస్త్రీయ నామంతో జోడించి భద్రపరచడం విద్యార్థి పని.

కలుపు యాజమాన్య పరిశోధనలో కూడా దృష్టి కొంత విస్తరించాలి. కలుపు వలన కలిగే నష్టాన్ని క్వింటాళ్ళ దిగుబడిలో మాత్రమే లెక్కించడం ఆనవాయితీ. పంట లేని బీడులోని లంటానా, గట్టు మీది వయ్యారిభామ ఆ లెక్కలోకి రావు. మేత నష్టం, జీవ నష్టం కూడా చేర్చి లెక్కించినపుడే ఉమ్మడి భూములలో కలుపు నిర్మూలనకు పంచాయతీలు ఎందుకు పూనుకోవాలో నిరూపించగలుగుతారు.

నేల గుణం మొక్కలోను, మొక్క గుణం దానిని తిన్న జీవంలోను ప్రకటమవుతుందని సేద్య శాస్త్రం తొలి పాఠాలలోనే బోధిస్తుంది. ఆ పాఠాన్ని ధాన్యపు గింజ వద్ద ఆపక గొర్రె మూతి వరకు కొనసాగించడమే ఇప్పుడు కావలసినది. ఛాయాచిత్రం చూసి పేరు చెప్పడానికి క్షణం చాలు. మందతోపాటు గట్టు వరకు నడిచి రావడానికి ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూటను కేటాయించే విస్తరణ శాస్త్రవేత్తలు పెరిగిన కొద్దీ, కాపరి సంతలో నష్టానికి అమ్ముకునే జీవాల సంఖ్య తగ్గుతుంది.